బిస్కెట్లు తెస్తానని చెప్పి

“ఏటిరా లోవరాజూ, మొకం అలా పెట్టేవు? రేపు హాస్టల్లో దింపేది నిన్నా, మీ గుంటనా?”

మా బామ్మర్దిని చూస్తే నాకు ఊరికే ఉండబుద్ధి కాదు. వాళ్ళక్క పెళ్ళిలో, అంటే నా పెళ్ళిలోనే, అప్పగింతలప్పుడు వీడు ఏడ్చిన ఏడుపుకి సన్నాయివాళ్ళు వాయించడం ఆపేసి మంచినీళ్ళు తెచ్చిచ్చారు. పెళ్ళికూతురు తన కళ్ళు తుడుచుకుని తమ్ముణ్ణి ఓదార్చింది. అలాంటివాడు ఇప్పుడు కూతుర్ని గురుకులంలో దింపి రావాలి.

“నవ్వకు బావా. నీదంటే రాతి గుండె. నిరుడు సత్యశ్రీని దింపేసి నవ్వుకుంటా ఇంటికొచ్చేవంట.”

“వచ్చేను. ఎలా వచ్చేనో ఇను.”

నాకున్నది ఓ లగేజీ ఆటో. వేసవంతా జీడిపిక్కల బస్తాలు, మామిడికాయల బుట్టలు వేసుకుని నర్సీపట్నం నుంచి కోటవురట్ల, మాకవరపాలెం తిరుగుతుంటాను. సెలవులిస్తే చాలు, నా కూతురు సత్యశ్రీ పక్క సీటు ఎక్కేసేది. మాటలొచ్చినప్పటి నుంచీ దాన్ని ఆటపట్టించడమే నా పని. పుచ్చగింజ మింగితే చెవిలోంచి తీగ వస్తుందని చెబితే, పాపం, ఏటా నమ్మేది. పడుకునే ముందు చెవి తడుముకుని చూసుకునేది. నిరుడు అదే మాట చెబితే ఇంకో గింజ నోట్లో వేసుకుంది.

“రానీ నాన్నా. కాయలు కాత్తే ఆటోలో ఏసుకుని అమ్ముకుందుం.”

నవ్వాను గానీ, కొనేవాళ్ళు పోయిన కొట్టువాడిలా అయిపోయింది నా పరిస్థితి.

తర్వాత చెప్పుల గొడవ. వేసవి మొదట్లో దానికి కొన్నవి నెల తిరక్కుండానే చాలకుండా పోయి, మడమలు బయటికొచ్చేశాయి. ఓ పొద్దున్న వాళ్ళమ్మ చెప్పులేసుకుని కొట్టుకెళ్ళి పెరుగు ప్యాకెట్టు తెచ్చింది. చెప్పులు జారలేదు, టపటపలాడలేదు. నేను ఆటో తుడుస్తున్న గుడ్డ చేతిలో పట్టుకుని ఆ కాళ్ళకేసే చూస్తూ నిలబడిపోయాను. ఎప్పుడు పెరిగాయివి? రోజూ నా పక్కనే కదా కూర్చుంది! నేను రోడ్డు చూశాను గానీ దాన్ని చూడలేదన్నమాట.

ఇంతలో మామిడిపళ్ళు పురుగు పట్టాయి, మొదటి వాన పడింది, పాయకరావుపేట దాటాక, దానికి సీటొచ్చిన గురుకులం నుంచి పిల్లని తీసుకురమ్మని ఫోనొచ్చింది. అంతే, వేసవి అయిపోయింది.

నాకొకటే భయం. గేటు దగ్గర అది నా చొక్కా పట్టుకుని ఉండనని ఏడిస్తే? ఏడిస్తే నేను మాట్లాడకుండా ఆటో ఎక్కించుకుని వెనక్కి తెచ్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు. మా ఇంటావంటా తొమ్మిదో తరగతి దాటినవాళ్ళు లేరు. నేనూ అక్కడే ఆగిపోయాను. దొరక్క దొరక్క దొరికిన సీటు నా చేతుల్తో నేనే పోగొడతానేమో!

ఈ మాట మా ఆవిడ లావణ్యతో అన్నాను. తను అప్పటికే ఆలోచించి పెట్టుకున్నట్టుంది.

“బిస్కెట్లు తెత్తానని సెప్పి మీరు బయటికొచ్చియ్యండి. నాను పెట్టె సద్దేసి వత్తాను.”

మా వైపు పిల్లల్ని ఎక్కడ వదిలినా ఇదే పద్ధతి. అంగన్‌వాడీ అయినా, అమ్మమ్మగారిల్లయినా, బిస్కెట్లు తెస్తానని చెప్పి మాయమైపోవడమే. ఎదురుగా నిలబడి వెళ్తున్నానని చెప్పిన తండ్రిని నేనింతవరకూ చూడలేదు.

“అంతెదిగిన గుంట నమ్ముతాదేటే?”

“మీరు సెప్తే నమ్ముతాది. మీకంటే బాగా అబద్ధం ఎవులాడతారు?”

ఆ మెప్పుకి నేను ఉబ్బిపోయాను.

గేటు దగ్గర ట్రంకుపెట్టె, బకెట్టు దింపేసరికి చుట్టూ ఏడుపులే. ఒక పిల్ల గేటు ఊచలు పట్టుకుని వదలడం లేదు. వాళ్ళ నాన్న ఒక్కో వేలూ విడదీస్తూ తనూ ఏడుస్తున్నాడు. ఇంకో నిమిషం ఉంటే కొంప మునుగుతుందని తెలిసి, నవ్వు మొహం పెట్టాను.

“అమ్మలూ, బిస్కెట్లు మర్సిపోనాను. బేగి తెచ్చెత్తాను. ఇక్కడే ఉండు.”

“కిరీమువి తే నాన్నా,” అంది సత్యశ్రీ. “బేగేటీ అక్కర్లేదు. నిదానంగానే తే.”

వెనక్కి తిరక్కుండా రోడ్డు దాటి ఆటో చాటున నక్కాను. లోపలి నుంచి వినిపించే ప్రతి ఏడుపూ నా కూతురిదే అనిపించింది. ఆటో తుడిచే గుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాను. డీజిల్ మండి ఇంకా నీళ్ళొచ్చాయి. ఎంతసేపటికో లావణ్య వచ్చింది.

“ఏడిసిందా?”

“నేదు. కిటికీ పక్క మంచం దొరికిందని మురిసిపోతంది. పక్క మంచం గుంట ఏడుత్తంటే జడేసి ఊరుకోబెడతంది.”

హమ్మయ్య! భుజం మీంచి జీడిపిక్కల బస్తా దించినట్టయింది. ఉంటుందిరా దేవుడా, ఉంటుంది! ఎదురుగా చెరుకురసం బండి కనిపిస్తే చెరో గ్లాసూ చెప్పాను. గుక్కెడు తాగేసరికి నా పాత గీర నాకొచ్చేసింది.

“సూసేవా నా నటన? దానికి అనుమానమే రానేదు!”

లావణ్యకి నవ్వాగక రసం ముక్కులోకి పోయింది. దగ్గి దగ్గి కొంగుతో మూతి తుడుచుకుంది.

“నవ్వుతావేటే?”

“సెప్పొద్దంది గానీ నా కడుపులో ఆగట్లేదు. ఈ ఉపాయం నాది కాదండీ, మీ కూతురిది. ‘అమ్మా, గేటు కాడ నాన్న ఏడిసేత్తాడే. ఆయనేడిత్తే నాను ఉండలేను. నాను ఏడవకుండా అని సెప్పి ఆయన్ని ముందే పంపించెయ్’ అని ఒకటే పోరు.”

తాగుతున్న గ్లాసు బండి మీద పెట్టేశాను.

“మరి బిస్కెట్లు నిజంగా తెత్తాననుకుందే! కిరీమువి కూడా అడిగింది!”

“అదీ ముందే సెప్పింది. ‘నాను నమ్మినట్టే ఉంటాన్లే అమ్మా. నన్ను మోసం సేసేననుకుంటే నాన్న నవ్వుకుంటా ఇంటికెల్తాడు’ అని.”