గోడ మీది లైసెన్సు

"దీని మీద ఓ సంతకం పడేయ్. కూరగాయలు తర్వాత తరుగుదువుగానీ" అంటూ మా ఆయన లైసెన్సు రెన్యువల్ కాగితాలు కత్తిపీట పక్కన పెట్టారు.

మందుల షాపు ఆయనది. ఫార్మసీ చదివి పరీక్ష పాసైంది నేను. పుట్టింట్లో లైసెన్సు ఫీజు కట్టే స్తోమత లేక నా సర్టిఫికెట్ నాలుగేళ్ళు ట్రంకుపెట్టెలో మగ్గింది. నాలాంటి వికలాంగులకి సగం ఫీజే అని పేపర్లో చూసిన రోజు సంతోషం పట్టలేక ఏడ్చాను. తెల్లకోటు కుట్టించుకుని, కాలరు లోపల నా పేరు దారంతో కుట్టుకున్నాను. అంతలోనే పెళ్ళయింది. ఇప్పుడు లైసెన్సు షాపు గోడకి వేలాడుతోంది, కోటు మా మరిది ఒంటి మీదుంది. "నీ కాలు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చిందమ్మా" అని అత్తయ్య అంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. నేనూ నవ్వాను. అందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

"రోజంతా షాపులో నిలబడటం నీవల్ల ఎక్కడవుతుంది?" అంటారాయన. పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడు మాత్రం నా కాలు ఎవరికీ గుర్తురాదు. మందుల శాఖ అధికారి తనిఖీకి వస్తున్నారని తెలిస్తే చాలు, నన్ను ఆటోలో తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెడతారు. కొనేవాళ్ళకి బాగోదని నా చేతికర్ర బీరువా వెనక దాస్తారు.

పోయిన నెల అలా కూర్చున్నప్పుడే ఓ పెద్దావిడ బీపీ మందుల చీటీతో వచ్చింది. ఈమధ్య కళ్ళు తిరిగి పడిపోతున్నానంది. డాక్టరు రాసింది అరమాత్ర. మా మరిది రెండు నెలలుగా నిండుమాత్ర వేసుకోమని చెప్పి పంపిస్తున్నాడు. చీటీ చూపించి, అరమాత్రే ఇవ్వాలని అతనికి చెప్పాను.

"కస్టమర్ల ముందు నా పరువు తీయకు వదినా" అన్నాడు. అధికారి వెళ్ళగానే నన్ను ఆటో ఎక్కించేశారు. ఆవిడకి ఎంత మాత్ర వేసుకోమని చెప్పి పంపారో ఇప్పటికీ నాకు తెలీదు.

చెయ్యి తుడుచుకుని కాగితాలు అందుకున్నాను. 'షాపు తెరిచి ఉన్నంతసేపూ నేను స్వయంగా అక్కడే ఉంటాను' అనే వాక్యం కిందే నా సంతకం పడాలి. మూడుసార్లు చదవకుండా పెట్టేశాను. ఈసారి చదివి పెట్టాను. లేచి, మేకుకి ఉన్న షాపు తాళాలు తీసి నా సంచిలో వేసుకున్నాను.

"అవి నీకెందుకు?" అన్నారాయన.

"నేను లేకుండా షాపు తెరవకూడదట. రాసుంది, చదవండి" అని చేతికర్ర అందుకున్నాను. "కూరగాయలు సగం తరిగే ఉన్నాయి."