వెనక వరుసలో రూతు

చిట్యాలలో గ్లోరీ పొద్దున్నే లేచి, భర్త యోహానుకు టిఫిన్ డబ్బా కట్టి నల్లగొండ బస్సెక్కించేది. అక్కడి కాలేజీలో అతడు పాఠాలు చెప్పేవాడు. ఇంటినిండా అతని పుస్తకాలే. మనసు లోపలి పొరల మీద కొన్ని, పార్టీల జెండాలు, గుర్తుల మీద కొన్ని. బడుల్లో బొమ్మలు నేర్పిన చరిత్ర మీద లావుపాటిది ఒకటి, అతనే రాసింది. అందులో ఒక పాత ఫోటో. వెనకటి బడిలో పిల్లలు పలకలు ఒళ్లో పెట్టుకుని బొమ్మలు గీస్తుంటారు.

జిల్లాలు విడగొట్టిన ఏడు, వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ రూతు జ్వరమొచ్చి దవాఖానలో కన్నుమూసింది. సమాధి చేసొచ్చిన వారానికి ఆ ఫోటోలో, వెనక వరుసలో, రెండు జడలతో కనిపించింది. పక్కింటి బిక్షమ్మ వచ్చి చూసి, పిల్లకు నీడపట్టున జాగా దొరికిందన్నది. పాస్టరు ఆ పేజీ మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి, చాయ్ తాగి పోయాడు.

గ్లోరీ నర్సు పనికి పోవడం మానేసింది. పుస్తకం కిటికీ దగ్గర తెరిచి పెట్టి ఎదురుగా కూర్చునేది. తిండీ అక్కడే, కునుకూ అక్కడే. రూతు కూడా తల్లినే చూసేది. యోహాను మాత్రం ఆ పేజీ దగ్గరికి రాలేకపోయాడు. దుఃఖం గురించి మనసు పుస్తకాలన్నీ తిరగేశాడు. పెండ్లాంతో ఏం మాట్లాడాలో ఒక్కదాంట్లోనూ దొరకలేదు.

చలి మొదలైన ఒక ఆదివారం వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. చాలాసేపు ఫోటో చూశాడు.

"అందరి పలకల మీద బొమ్మలు మారినయి గ్లోరీ. మన పిల్లది ఒక్కటే ఖాళీగున్నది."

"ఇంకా నేర్చుకుంటాంది."

"నేర్చుకుంటలేదు. నువ్వు చూస్తున్నంతసేపు నిన్నే చూస్తది. పలక దిక్కు తల వంచుతలేదు."

గ్లోరీ కోపంతో వంటింట్లోకి పోయింది. తలుపు సందులోంచి చూస్తే, రూతు ఆమె పోయిన దిక్కే మెడ తిప్పి ఉంది. వేళ్ల మధ్య బలపం కొస కూడా అరగలేదు.

తిరిగొచ్చి పేజీ మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"గీసుకో బిడ్డా," అన్నది. "నేను పనికి పోయొస్త."

పుస్తకం మూయబోయి సగంలో ఆగింది. యోహాను సాయం పట్టాడు. అట్ట మీద అరచేతులు ఆనించి ఇద్దరూ ఏడ్చారు. ఎప్పటికో లోపల పలక మీద బలపం గీరిన చప్పుడైంది, ముందు ఆగి ఆగి, తర్వాత ఆగకుండా.

తెల్లారి గ్లోరీ దవాఖానకు డ్యూటీకి పోయింది. బిడ్డ ఏం గీస్తుందో చూడాలని ఇద్దరి ప్రాణమూ కొట్టుకునేది. ఇద్దరిలో ఒక్కరూ ఆ అట్ట ఎత్తలేదు.