చెయ్యి ఇంకాస్త పైకి

చొక్కాని తిరగేసి, మెడ దగ్గర వేలు పెట్టి చూసి, "ఛీ, గరుకు" అని పక్కన పడేసింది జానమ్మ. పొద్దున విప్పిన మూటలో ఒక్కటంటే ఒక్కటి ఆవిడకి నచ్చలేదు. ఏడాది నుంచి మూడేళ్ళ లోపు మగపిల్లల బట్టలు ఆ షాపులో ఆవిడ రాజ్యం. రాజ్యమంటే మరేం లేదు, అంచులు అరిగిన చెక్క కౌంటరు, దాని వెనక గోడంతా అరలు, పిల్లల్ని ఎక్కించి నిలబెట్టడానికి ముందు రెండు స్టూళ్ళు. మేడ మీదే అయినా కిటికీ లేదు. బయట వానో ఎండో లోపలికొచ్చే పిల్లల తలలు చూసి తెలుసుకోవాలి.

అసలు పేరు జానమ్మ కాదు. మెడలో టేపు వేలాడుతూ ఉంటుంది గాని దాని ముఖం చూడదు. పిల్లాడి వీపు మీద బొటనవేలు ఆనించి, చిటికెనవేలు చాచి, "జానెడు... జానెడున్నర..." అని గొణుక్కుంటూ అరలోకి చెయ్యి పోనిచ్చిందంటే ఆ పిల్లాడికి పట్టే చొక్కాయే వస్తుంది. మెట్ల పక్కన మిషను వేసుకుని పొడుగైనవి పొట్టి చేసే దర్జీ సరదాగా పెట్టిన పేరది. పెట్టినవాడు ఎందుకు పెట్టాడో మర్చిపోయాడు, ఆవిడకి మాత్రం అదే నిలిచిపోయింది. జీతమిచ్చే ఓనరు కూడా జానమ్మా అనే పిలుస్తాడు.

"మగపిల్లాడికేముందమ్మా, బూడిద!" రోజూ ఆవిడ విసుక్కునే మాట ఇది. ఎదురుగా ఆడపిల్లల వైపు చూస్తే కళ్ళు చెదిరిపోతాయి. కుచ్చులు, లేసులు, పూలు, ఎన్ని రంగులు కావాలంటే అన్ని. ఇటు తిరిగితే గళ్ళు, చారలు, ఓ కారు బొమ్మ. అవి వద్దంటే చెక్కలా నిటారుగా నిలబడే జీన్సు ప్యాంటు. ఇది వేసుకుని వాడు కూర్చోవాలా వద్దా? ఇంకా వద్దంటే రెండేళ్ళవాడికి కోటు, మెడలో బో. ఎవడికి సంబంధం చూడ్డానికి వెళ్తున్నాడట ఆ వెధవ! కుట్టేవాళ్ళు పసిపిల్లాణ్ణి ఎప్పుడైనా చూశారా అని ఆవిడకి నిజంగానే అనుమానం. లేబుల్ మీద రాసే వయసుల్ని కూడా ఆవిడ లెక్కచెయ్యదు. పిల్లలు లేబుల్ చూసి పెరుగుతారా?

ఇవాళ వెతుకుతున్నది నిక్కరు. చొక్కా ఎప్పుడో దొరికింది. రెండు వారాల కిందట వచ్చిన మూటలో అడుక్కి నలిగి పడి ఉంది. లేత ఆకుపచ్చ, మెత్తటి నూలు, బొమ్మ లేదు, రాత లేదు, ఎడమవైపు చిన్న జేబు. దాన్ని చూడగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఓనరుతో చెప్పి తన జీతంలో రాయించుకుని, కౌంటరు కింద కాగితంలో చుట్టి దాచింది. మెడ దగ్గర లేబుల్ మాత్రం ఆ రోజే విప్పేసింది.

అది మనవడికి. ఇవాళ మధ్యాహ్నం వస్తున్నాడు.

అల్లుడు ఫోను చేసి చెప్పాడు. "అత్తయ్యా, నాకు బదిలీ అయింది. చాలా దూరం. మీ ఊళ్ళో దిగి రైలు మారాలి. మీరు సెలవు పెట్టకండి, షాపుకే వస్తాం. బాబుని చూద్దురుగాని." మంచివాడే అల్లుడు. ఇన్నాళ్ళుగా రాలేదని ఆవిడకి కోపం లేదు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నందుకు అంతకన్నా లేదు. చంటిపిల్లాణ్ణి పెట్టుకుని ఎన్నాళ్ళని ఒంటరిగా ఉంటాడు?

కూతురు పోయింది. కాన్పయిన ఆరో రోజున, జ్వరంతో. ఆవిడ దాన్ని అంతకన్నా ఎక్కువ మాటల్లో ఎవరికీ చెప్పదు. అప్పుడెప్పుడో తన మొగుడు పోయాక, నాలుగేళ్ళ ఆ పిల్లని చంకనేసుకుని ఈ షాపులో పనికి చేరింది. ఆ పిల్ల ఈ కౌంటరు కిందే ఆడుకుంది, నిద్రపోయింది, ఎక్కాలు నేర్చుకుంది. పెద్ద మగపిల్లల అరల్లో అమ్ముడుపోని చొక్కాలు, గుండీ ఊడినవి, మరకపడినవి ఓనరు ఇచ్చేస్తే అవే తొడిగేది జానమ్మ. ఎదురుగా అన్ని గౌన్లుండగా ఆ పిల్ల మగపిల్లల చొక్కాల్లోనే పెరిగింది. కడుపుతో ఉన్నప్పుడు ఇదే స్టూలు మీద కూర్చుని, "నాకు కొడుకే పుట్టాలమ్మా, అప్పుడు నీ షాపంతా నాదే" అని పడీపడీ నవ్వింది.

కొడుకే పుట్టాడు. బక్కపిల్లాడు, ఏడిస్తే పక్కింటికి కూడా వినపడేది కాదు. పదకొండు నెలలు ఈవిడే పెంచింది. స్నానం చేయించి ఒళ్ళో బోర్లా పడుకోబెట్టి, రోజూ ఆ వీపు మీద జాన వేసి చూసేది, ఇవాళైనా కాస్త సాగాడా అని. వాడికొక్కటే బాధ, మెడ. చొక్కా లేబుల్ తగిలితే చాలు, ఎర్రగా దద్దు తేలి రాత్రంతా గీరుకుంటూ ఏడ్చేవాడు. ఎందుకేడుస్తున్నాడో కనిపెట్టడానికి ఇంతకాలం బట్టలమ్మిన ఆవిడకే నెలలు పట్టింది. తండ్రి వచ్చి తీసుకెళ్ళిన రోజున ఆ హడావిడిలో, ఆ ఏడుపులో, ఆ మాట చెప్పడం మర్చిపోయింది. తర్వాత ఫోనులో చెబుదామంటే నోరు రాలేదు. కొత్తగా వచ్చిన అమ్మాయి, "నాకు పిల్లాణ్ణి పెంచడం రాదనుకుంటోందా ఈవిడ" అనుకుంటే? అలా అలా ఏడాదిన్నర దాటింది.

ఇవాళ మాత్రం చెప్పాలి. చొక్కా తన చేత్తో తొడగాలి, మెడ సంగతి ఆ అమ్మాయి చెవిన వెయ్యాలి. మళ్ళీ ఎప్పుడు చూస్తుందో, అసలు చూస్తుందో లేదో.

పదకొండింటికి ఒకతను వచ్చాడు. ఎండకి కమిలిన ముఖం, భుజాన సంచి. ఎక్కడో దూరాన పని చేసుకుంటూ సెలవు మీద ఇంటికి పోతున్నాడని అడగకుండానే తెలిసిపోతోంది.

"బాబుకి మంచి చొక్కా కావాలమ్మా."

"ఎంతుంటాడు?"

అతను తొడ దగ్గర గాల్లో చెయ్యి పెట్టాడు. "ఇంత."

"చూసి ఎన్నాళ్ళయింది?"

"వచ్చే నెలకి ఏడాది."

"అయితే చెయ్యి ఇంకాస్త పైకెత్తు నాయనా."

అతను ఎత్తాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇంకాస్త." చెయ్యి నడుము దాకా వచ్చింది. అతను ఆ చెయ్యిని, దాని కిందున్న ఖాళీని చూసుకుంటూ నిలబడిపోయాడు. "ఇంతైపోయుంటాడా?" అన్నాడు మెల్లగా. దూరాన ఉండే తండ్రులందరిదీ ఇదే వరస. వదిలి వచ్చిన రోజు పిల్లాడు ఎంతున్నాడో చెయ్యి అక్కడే ఆగిపోతుంది. ఆవిడ ఒక సైజు పెద్దదే ఇచ్చి పంపుతుంది, ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా మార్చుకోవడానికి వెనక్కి రాలేదు.

అతను వెళ్ళాక దర్జీ మిషను ఆపి, కళ్ళజోడు పైనుంచి చూశాడు. "అందరి చేతులూ పైకెత్తిస్తావు సరే అక్కా, మనవడికి నువ్వెంత ఎత్తావు?"

"నోర్మూసుకుని కుట్టుకో! నాకు చెప్తున్నావా? ఈ చేతుల మీద పెరిగాడు వాడు." కాగితం విప్పి చొక్కా చూపించింది. "అప్పుడున్నదానికి బెత్తెడు కలిపాను. బక్కపిల్లాడు, అంతకన్నా ఏం పెరుగుతాడు!"

దర్జీ మళ్ళీ మిషను తొక్కసాగాడు. ఆవిడ చొక్కా మళ్ళీ చుట్టేసి, గోధుమరంగు నిక్కరొకటి దొరకబుచ్చుకుని దానికి జత చేసింది. అన్నం తినబుద్ధి కాలేదు, టీ తాగింది. మెట్ల వైపు చూసి చూసి మెడ పట్టేసింది.

మూడు కావొస్తుండగా మెట్లెక్కి ఒక పిల్లాడు ఊడిపడ్డట్టు వచ్చాడు. బుగ్గలు నిండుగా, పిక్కలు గట్టిగా, తెల్లచొక్కా వెనకంతా చెమటతో అంటుకుపోయి. ఎవరో కొనేవాళ్ళ పిల్లాడనుకుంది జానమ్మ. కళ్ళు అలవాటుగా వాణ్ణి కిందికీ పైకీ కొలిచేశాయి, చెయ్యి తనంతట తనే మూడేళ్ళ అర వైపు వెళ్ళింది. అప్పుడు వాడి వెనక సూట్‌కేసు మోసుకుంటూ అల్లుడు కనిపించాడు.

అర దగ్గర చెయ్యి అలాగే ఉండిపోయింది.

"అత్తయ్యా, బాగున్నారా?" అన్నాడు అల్లుడు. పక్కనున్న అమ్మాయి సన్నగా, అలసిపోయి ఉంది. రెండు చేతులా సంచులున్నా వేలొకటి పిల్లాడికి వదిలింది, వాడు దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. "అమ్మమ్మరా, పలకరించు" అంది. వాడు ఆ అమ్మాయి వెనక్కి వెళ్ళి, ఒక్క కన్నుతో చూశాడు. ఆ కన్ను అచ్చం కూతురిది.

చొక్కా పట్టదని ఆవిడకి తెలుసు. ఆ అంతస్తులో ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా కాగితం విప్పింది. పిల్లాణ్ణి స్టూలెక్కించి, తెల్లచొక్కా విప్పి, పచ్చది తొడగబోయింది. ఒక చెయ్యి మోచేతి దాకా వెళ్ళి ఆగింది. కొద్దిగా లాగింది, ఇంకొద్దిగా లాగింది. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళు ఇలా చేస్తే ఆవిడే తిడుతుంది.

"అమ్మా, బిగుతూ!" అని ఏడుపందుకున్నాడు వాడు. అమ్మా అన్నది ఆ అమ్మాయిని.

"ఏం కాలేదు నాన్నా, అమ్మమ్మ తీసేస్తోందిగా" అంటూ ఆ అమ్మాయి వాడి తల నిమిరింది. జానమ్మ గబగబా తీసేసింది. "పెద్దవాడయ్యాడు" అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. "బాగా పెంచావు తల్లీ. నేనే... చెయ్యి పైకెత్తడం మర్చిపోయాను." ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మిషను దగ్గర దర్జీ తల దించుకున్నాడు.

ఇక ఆలోచించలేదు ఆవిడ. అరలోంచి నీలం చొక్కా ఒకటి, దానికి తగ్గ పెద్ద నిక్కరు ఒకటి తీసి, చొక్కా తొడిగింది. అతికినట్టు సరిపోయింది. సరిపోతుందని తెలుసు, అందుకే ఏడుపొచ్చింది. సర్దే వంకతో వీపు మీద బొటనవేలు ఆనించి జాన వేసింది. ఆ వీపు వెచ్చగా, వెడల్పుగా, ఏమాత్రం గుర్తుపట్టనట్టుగా ఉంది. దర్జీ సుద్దముక్క ఒకటిస్తే పిల్లాడు జేబులో వేసుకుని, పైనుంచి తట్టి చూసుకుని, మొదటిసారి నవ్వాడు. ఈ చొక్కా విప్పనంటే విప్పనన్నాడు. స్టూలు మీంచి దించే సాకుతో వాణ్ణి ఎత్తుకుంది. ఎంత బరువున్నాడని! దించడం ఎంత ఆలస్యం చెయ్యాలో అంతా చేసింది.

నీలం చొక్కాకి, నిక్కరుకి డబ్బు తియ్యబోయిన అల్లుడి చెయ్యి తోసేసి, "ఇవి నా ఖాతా. మీరు ఊరుకోండి బాబూ" అంది.

ఆ అమ్మాయి కౌంటరు మీదున్న పచ్చచొక్కా తీసుకుంది. కాలరు తిరగేసి, బొటనవేలితో లోపలి కుట్టు తడిమింది. తలెత్తి జానమ్మ ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. ఏదో అనబోయినట్టుంది.

"రైలు టైమవుతోంది" అన్నాడు అల్లుడు.

"ఇది కూడా తీసుకెళ్తానమ్మా" అంది ఆ అమ్మాయి.

"పట్టలేదు కదమ్మా."

"పట్టకపోతేనేం, దాస్తాను." దాన్ని సంచిలో అందరి బట్టల పైన పెట్టుకుంది.

మెట్లు దిగుతూ పిల్లాడు వెనక్కి తిరగలేదు. జేబులో సుద్దముక్కని చూసుకుంటూ, ఆ అమ్మాయి వేలు పట్టుకుని, ఒక్కో మెట్టూ రెండు కాళ్ళతో దిగాడు. జానమ్మ పైనే నిలబడి చెయ్యి ఊపింది. తల కనబడకుండా పోయాక కూడా కాసేపు ఊపింది.

కౌంటరు దగ్గరికి వచ్చి చిందరవందరగా ఉన్న చొక్కాలు మడతపెట్టబోయింది. అప్పుడు గుర్తొచ్చింది. "అయ్యో నా మతి మండ! మెడ!" చెప్పలేదు. ఇన్నాళ్ళు దాచుకున్న ఒక్క మాట, ఎదురుగా నిలబడి చెప్పలేదు. పైగా ఆ నీలంచొక్కాకి లేబుల్ అలాగే ఉంది. కత్తెర పట్టుకుని పరుగెత్తింది. ఆ వయసులో ఆ మెట్లు అలా దిగిందంటే చూసినవాళ్ళే నమ్మలేదు. వీధినిండా జనం, బళ్ళు, హారన్లు. ఏ బండెక్కారో, ఎటు పోయారో. రాత్రి రైల్లో పిల్లాడు మెడ గీరుకుంటూ ఏడుస్తాడు, ఎందుకో వాళ్ళకి తెలియదు. గుమ్మం పట్టుకుని ఆయాసంతో నిలబడింది. ఫోను చేసింది, రైలు హడావిడిలో ఎవరూ ఎత్తలేదు.

పైకి వచ్చేసరికి దర్జీ స్టూలు వైపు చూపించాడు. "అక్కా, పిల్లాడి పాత చొక్కా మర్చిపోయారు."

తీసుకుంది. ఆ షాపులో అన్నీ కొత్తవే, గంజివాసనవే. ఇదొక్కటే మనిషివాసన. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. తర్వాత చేతులు ఊరుకోక, రోజంతా చేసే పనే చేశాయి. చొక్కాని తిరగేసి, మెడ దగ్గర వేలు పెట్టాయి.

వేలు అక్కడే ఆగిపోయింది.

"ఆ అమ్మాయికి తెలుసు" అంది.

"ఏం తెలుసు?" అన్నాడు దర్జీ.

ఆవిడ చొక్కాని అలాగే తిరగేసి కౌంటరు మీద పరిచింది. పిల్లాడు నిలబడ్డ స్టూలు మీద కూర్చుని ముఖం కప్పుకుని ఏడ్చింది. బెంగ తీరిందనో, ఇక తనతో వాడికి పనిలేదనో, ఆవిడకే తెలియలేదు. ఎవరో చంటిపిల్లాడితో మెట్లెక్కి వస్తుంటే కళ్ళు తుడుచుకుని లేచింది. కౌంటరు మీద తిరగేసి పరిచిన తెల్లచొక్కా అలాగే ఉంది. మెడ దగ్గర లేబుల్ లేదు, ఒక్క పోగు కూడా మిగలకుండా ఓపిగ్గా విప్పిన చోట చిన్న సూది రంధ్రాలు వరసగా ఉన్నాయి, వాటి చుట్టూ చెమట తడి ఇంకా ఆరలేదు.