ఫొటోలో ఉన్న గిటార్

అందరూ స్టూడియో అని పిలిచే ఆ మనిషి నల్లచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, కిటికీకి దుప్పటి కట్టి, గిటార్‌ని వెనక్కి తిప్పాడు. వార్నిష్ వేసిన వీపు అద్దంతో సమానం. తెల్లచొక్కాతో ఎదురుగా నిలబడితే అందులో మనిషి కనిపిస్తాడు. గిటార్ కొనేవాళ్ళకి యాభై దాటిన బట్టతల మొహం ఎందుకు? అందుకే ఫొటోలు తీసే రోజున, మండుటెండల్లో కూడా, ఆ నల్లచొక్కానే. చంకల దగ్గర రంగు వెలిసిపోయింది గానీ, చంకలు గిటార్‌లో పడవు కదా.

అతని అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఒకప్పుడు బస్టాండు పక్కన ఫొటో స్టూడియో నడిపాడు. ఫోన్లలో కెమెరాలు వచ్చాక స్టూడియో పోయింది, ఆ పిలుపు మాత్రం మిగిలింది. ఆ రోజుల్లో అతని పనితనమంతా చెరపడంలోనే ఉండేది. మొటిమలు, గాట్లు, కళ్ళకింద నలుపు, ఏదీ ఉంచేవాడు కాదు. ఓసారి ఒకావిడ గడ్డం మీది పుట్టుమచ్చ కూడా తీసేశాడు. ఆ ఫొటో పట్టుకుని ఏదో ఆఫీసుకి వెళ్తే, ఇది నువ్వు కాదు పొమ్మన్నారట. "నా మచ్చ నాకిచ్చెయ్యండి" అని ఆవిడ వచ్చి కూర్చుంటే, అది విని అతని అక్క పడీపడీ నవ్వింది. అక్క నవ్విందంటే పక్కింటివాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాల్సిందే.

స్టూడియో మూతపడి, పెళ్ళీ పెటాకులూ లేకుండా అద్దెగదిలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నవాణ్ణి ఆ అక్కే తన ఇంటికి తీసుకొచ్చింది. "మీ బావకి గిటార్లు చెయ్యడం వచ్చుగానీ చూపించుకోవడం రాదు. నువ్వు ఫొటోలు తియ్యి. వెబ్‌సైట్ అంటున్నారుగా, అది నువ్వే చూసుకో" అంది. చూసుకున్నాడు. కొత్త గిటార్ తయారవగానే ఫొటోలు, ఏ కర్రో, ఎంత కొలతో, కింద నాలుగు మంచి మాటలు. ఎవరైనా కొనుక్కుంటే 'అమ్ముడైంది' అని ఎర్ర అక్షరాలు. ఆస్పత్రిలో చివరి రోజుల్లో అక్క ఇంకో పని కూడా అప్పగించింది. "ఆయన చేతిలో పని ఉండేలా చూడరా తమ్ముడూ. పని లేకపోతే ఆ మనిషి ఉండడు" అంది. అదీ చూసుకున్నాడు. ఎలా చూసుకున్నాడన్నదే ఈ గొడవంతా.

ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒక్కొక్కటీ పెంచి చూశాడు. అంచున అతికించిన పట్టీకీ వీపుకీ మధ్య సన్నటి సందు. ముందువైపు గుండ్రటి రంధ్రం పక్కన తుడవని జిగురు. మెడ మొదలయ్యే చోట, వార్నిష్ ఆరకముందే పట్టుకున్నట్టున్నాడు, బావ బొటనవేలి ముద్ర, గీతలతో సహా. అక్క ఉన్న రోజుల్లో ఇలాంటి గిటార్ కంటబడితే బావ దాన్ని విరిచి పొయ్యిలో పెట్టేవాడు. ఇప్పుడా కళ్ళకి మసక కమ్మింది. ఆపరేషనుకి లొంగే మసక కాదన్నాడు డాక్టరు. జిగురూ ఉప్పుకాగితమూ ఏళ్ళ తరబడి తిన్న వేళ్ళు మొద్దుబారాయి. ఈ సంగతి బావకి తెలియక కాదు. తెలుసు కాబట్టే, పని పూర్తయ్యాక గిటార్‌ని వదిలేసి తెర మీద ఫొటోని చూసుకునేవాడు. ఫొటో అయితే ఎంత కావాలంటే అంత పెరుగుతుంది.

స్టూడియో ఫొటోలో సందు పూడ్చాడు. జిగురు తుడిచాడు. పక్కనున్న కర్ర రంగు తెచ్చి వేలిముద్ర మీద కప్పాడు. అయిదారుసార్లు మౌస్ నొక్కేసరికి బావ వేలు అక్కడ పడిన జాడే లేదు.

"అయిందా పెళ్ళికూతురి ముస్తాబు?" అంటూ బావ గోడ పట్టుకుని వచ్చాడు. నుదుటి మీద పాత గాటు, కనుబొమల్లో రంపపు పొట్టు. కుర్చీ లాక్కుని, ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా కూర్చున్నాడు.

"పెంచు."

పెంచాడు.

"ఇంకాస్త. అంచేదీ, అంచు చూపించు."

చూపించాడు. బావ చూస్తున్నంతసేపూ స్టూడియో మౌస్ మీంచి చెయ్యి తియ్యడు. ప్రతి గిటార్‌కీ ఇంతే.

"ఫర్లేదురా, చెయ్యింకా పోలేదు" అన్నాడు బావ. "అటక మీద మంచి ముక్కొకటి దాచాను. రేపు దించుతా."

ఆ మాట కోసమే స్టూడియో ఇదంతా చేసేది. ఆ మాట విన్న పూట అతనికి ముద్ద గొంతు దిగేది. కొన్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి నసిగితే, చేత్తో చేసిన వస్తువు అలాగే ఉంటుందని సర్దిచెప్పాడు. వాళ్ళు మర్యాదస్తులు కాబట్టి ఊరుకున్నారు.

మధ్యాహ్నం వచ్చినావిడ ఊరుకోలేదు. ఏదో బడిలో సంగీతం టీచరు. ఇంతకుముందు గిటార్ కొన్నావిడే. పెట్టె భుజాన మోసుకుని మెట్లెక్కినట్టుంది, ఆయాసపడుతోంది.

"సార్, ఇది మీరు పంపిందే. కానీ ఫొటోలో ఉన్నది ఇది కాదు."

"మా దగ్గర అలా జరగదమ్మా" అన్నాడు బావ నవ్వుతూనే.

ఆవిడ గిటార్ తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. బావ అంచు పొడుగునా వేళ్ళతో తడిమి, "బానే ఉందిగా" అన్నాడు. ఆవిడ ఏదో గట్టిగా అనబోయి, ఆయన కళ్ళు చూసి ఆగిపోయింది. మెల్లిగా ఆయన వేలు పట్టుకుని, "గోరుతో చూడండి" అంది. గోరు అంచు వెంట కొంతదూరం నడిచి, సందులోకి దిగి, అక్కడ ఇరుక్కుంది. బావ నవ్వు మొహం మీద అలాగే ఉంది గానీ అందులో నవ్వేమీ లేదు.

"డబ్బు వెనక్కిచ్చేస్తానండీ" అన్నాడు స్టూడియో గబగబా.

"డబ్బు వద్దండీ. నాకు ఫొటోలో ఉన్న గిటారే కావాలి. రోజూ దాన్నే చూసుకుంటూ కూర్చునేదాన్ని."

బావ గోరుని సందులోంచి బయటికి లాక్కున్నాడు. "ఇక్కడ ఉంచి వెళ్ళమ్మా" అన్నాడు. ఆవిడ మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగాడు.

"దీని ఫొటో పెట్టు."

పెట్టాడు. తెర మీద అంచు నున్నగా, ఒక్క వెంట్రుక కూడా దూరనట్టు ఉంది.

"నువ్వు తియ్యగానే ఎలా ఉందో అది పెట్టు."

స్టూడియో అసలు ఫొటో ఏనాడూ పారెయ్యలేదు, అది అతని పాత అలవాటు. తెరిచాడు.

"మిగతావి?"

అక్క పోయినప్పటి నుంచీ చేసిన గిటార్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెర మీదికి వచ్చాయి. బావ "పెంచు" అంటున్నాడు, ఇంకో మాట లేదు. మొదటిదాంట్లో చిన్న గీత. తర్వాతదాంట్లో జిగురు. ఆ తర్వాత వంకర పోయిన అతుకులు. ముందుదానికన్నా వెనకది అధ్వాన్నం. చివరికి పొద్దుటి గిటార్ వచ్చింది. వేలిముద్ర తెరంతా నిండింది.

"ఇదెవరిది?"

"నీదే బావా."

బావ తెర మీద ఆ ముద్రని తన బొటనవేలితో రాశాడు, చెరుగుతుందేమో అన్నట్టు.

"చెప్పుంటే ఆపేసేవాణ్ణి కదరా."

"అందుకే చెప్పలేదు."

"ఎంతమంది ఇళ్ళల్లో ఉన్నాయిరా ఇవి, నా పేరుతో?"

స్టూడియోకి లెక్క తెలుసు.

"ఉన్నవి ఉన్నట్టు వెబ్‌సైట్‌లో పెట్టు. అన్నీ" అని బావ లేచాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు తగిలించినా స్టూడియో పడి ఉండేవాడు. బావ పనిగదిలోకి వెళ్ళి, ఉలులన్నీ నూనెగుడ్డలో చుట్టి పెట్టి, ఆరిపోయిన జిగురు డబ్బాకి మూత బిగించి, వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. స్టూడియో ఒక్కొక్క ఫొటోనే మార్చుకుంటూ చీకటిపడేదాకా కూర్చున్నాడు. తన పాపం తనే జనానికి చూపిస్తున్నట్టు లేదు, బావని వీధిలో నిలబెట్టి బట్టలు విప్పుతున్నట్టుంది. ఏడుపొచ్చింది. ఏడ్చాడు.

మర్నాడు అటక మీద ముక్క దిగలేదు. ఆ తర్వాతా దిగలేదు. అక్క చెప్పినట్టే జరిగింది. పెడితే తిన్నాడు, పలకరిస్తే పలికాడు, అంతకుమించి మనిషి అందులో లేడు. జబ్బేమీ లేదన్నాడు డాక్టరు. టీచరు డబ్బు టీచరుకి చేరింది. వెబ్‌సైట్‌లో చివరి గిటార్ గురించి ఎవరూ అడగలేదు. వానలు పట్టిన రోజుల్లో ఒక పొద్దున స్టూడియో టీ గ్లాసు పట్టుకుని లేపబోతే బావ లేవలేదు.

గోడకి పెట్టడానికి బావ ఫొటో కోసం కంప్యూటరంతా వెతికాడు. గిటార్లు తప్ప ఏమీ లేవు. ఇన్నేళ్ళూ ఒకే కప్పు కింద ఉండి, చేతిలో కెమెరా పెట్టుకుని, ఒక్కటి తియ్యలేదు. అట్టపెట్టెలో పాత స్టూడియో రోజులది ఒకటి దొరికింది. అందులో మొహం నున్నగా ఉంది, నుదుటి మీద గాటు లేదు, కళ్ళకింద ఒక్క ముడత లేదు. ఇది మా బావ కాదు అనుకుని మళ్ళీ పెట్టెలోనే పెట్టేశాడు.

కిటికీకి కట్టిన దుప్పటి విప్పాడు. చివరి గిటార్ ఇంకా స్టాండు మీదే ఉంది. నల్లచొక్కాతో దాని మీద దుమ్ము కింది నుంచి పైకి తుడుచుకుంటూ వచ్చి, మెడ దగ్గర చెయ్యి ఆపేశాడు. అక్కడ, వార్నిష్‌లో దిగి ఆరిపోయిన బొటనవేలి ముద్ర, గీతలతో సహా, అలాగే ఉంది.