తెబెల్లో కంబళి

"చెయ్యెత్తు" అంది లినేయో. కూతురు న్యకల్లో విసుగ్గా ఎత్తింది. రెండు స్వెట్టర్లు, రెండు జతల మేజోళ్లు, చెవులు మూసే ఉన్ని టోపీ, అన్నిటి మీదా కంబళి, రొమ్ము దగ్గర పెద్ద పిన్నీసు. కుళాయి దాకా వెళ్లి నీళ్లు తెచ్చుకోవడానికి ఆరేళ్ల పిల్లకు ఇంత ముస్తాబు.

"అమ్మా, బళ్లో నన్ను క్యాబేజీ అంటున్నారే."

"అననీ. క్యాబేజీకి జలుబు చెయ్యదు."

పొయ్యిలో పిడకలు ఎగదోస్తున్న అత్త నవ్వింది. "గొర్రెక్కూడా ఇంత ఉన్ని ఉండదే తల్లీ! మేం మంచులో వట్టికాళ్లతో తిరిగినవాళ్లం. చచ్చామా?" ఆపైన గొంతు తగ్గించి అంది: "ఈ బుద్ధి అప్పుడుండాల్సింది, మా-తెబెల్లో."

మా-తెబెల్లో అంటే తెబెల్లో తల్లి. పెళ్లయి ఈ కొండల్లోకి వచ్చిన రోజునే, కడుపైనా పడకముందే, అత్తవారు ఆ పేరు పెట్టారు. పుట్టబోయే బిడ్డ పేరుతోనే కోడల్ని పిలవడం ఇక్కడి మర్యాద. తెబెల్లో పుట్టింది, అయిదేళ్లు బతికింది, పోయింది. పేరు మాత్రం లినేయోను వదల్లేదు. సంకటి కెలకమన్నా, పిడకలు చెయ్యమన్నా, కడవ దించమన్నా ముందు చచ్చిపోయిన కూతురి పేరు వినబడుతుంది, ఆ తర్వాతే పని. రోజుకెన్నిసార్లో. మొదట్లో ఆ పిలుపు విన్నప్పుడల్లా చేతిలోది జారిపోయేది. ఇప్పుడు జారదు. అలవాటైందని వాళ్లనుకుంటారు.

మూడేళ్ల కిందట, ఇక్కడ చలి ముదిరే జూలైలోనే, భర్త సెచాబ తెబెల్లోను గుర్రమెక్కించుకుని లోయ అవతల గుర్రప్పందేలకు తీసుకెళ్లాడు. ఇలాగే చుట్టి పంపింది లినేయో. సాయంత్రానికి వడగళ్లవాన. తిరిగొచ్చేసరికి పిల్ల పెదవులు నీలంగా ఉన్నాయి. ఒంటిమీద పలచటి గౌను తడిసి అతుక్కుపోయి ఉంది. కంబళి లేదు, స్వెట్టరు లేదు. "ఏమయ్యాయండీ?" అంటే "దారిలో ఎక్కడో జారాయి" అన్నాడు. జ్వరంలో పిల్లే చెప్పింది. "గుర్రానికి చెమట పట్టిందమ్మా. చలేస్తుందని నాన్న నా కంబళి దానికి కప్పాడు. స్వెట్టరుతో మెడ తుడిచాడు. గుర్రం గెలిచింది."

ఆరో రోజున పిల్ల పోయింది.

లినేయో ఆ మాట అత్తకొక్కదానికే చెప్పింది. అత్త కోడలి నోటిమీద చెయ్యి అడ్డంపెట్టి, "బిడ్డ ఎలాగూ పోయింది. వాడి పరువు కూడా తీస్తావా? మింగెయ్" అంది. మింగింది. సమాధి దగ్గర సెచాబ పెద్దనాన్న మొఖేథి అందరూ వినేట్టు అన్నాడు: "కంబళి చుట్టడం రాని తల్లికి దేవుడు బిడ్డనెందుకిచ్చాడో!" సెచాబ తల వంచుకుని నిలబడ్డాడు. దుఃఖంతో అనుకున్నారు జనం. దాన్నీ మింగింది. ఆ రోజు నుంచి చిన్నదాన్ని చుట్టడం మొదలుపెట్టింది. చుట్టకపోతే తప్పన్న నోళ్లే, చుడితే పిచ్చంటున్నాయి.

కడవ తీసుకుని గుమ్మం దాటబోతుంటే వాకిట్లో గుర్రాలు ఆగాయి. సెచాబ, మొఖేథి, ఇంకో నలుగురు. ఇవాళా పందేలే.

"అబ్బో, పిల్ల తయారుగానే ఉందే!" సెచాబ గుర్రం దిగకుండానే చేతులు చాచాడు. "రా బంగారం, గుర్రమెక్కుదువుగాని." తోటివాళ్ల వైపు తిరిగి నవ్వాడు. "ఈసారి మా ఆవిడ బాగానే చుట్టింది. అనుభవం మరి!"

ఒకరిద్దరు నవ్వారు.

లినేయో కడవ కింద పెట్టింది. కోపం వస్తుందనుకుంది. రాలేదు. లోపల ఎక్కడో చాలాకాలంగా బిగబట్టిన ఊపిరి బయటికొచ్చినట్టు, మాట దానంతటదే వచ్చింది.

"అప్పుడూ బాగానే చుట్టానండీ. మీరే విప్పి గుర్రానికి కప్పారు."

సెచాబ ముఖం నల్లబడింది. "నోర్ముయ్" అన్నాడు. లినేయో అతన్ని చూడటం లేదు, మిగతావాళ్లను చూస్తోంది. 'ఇదేంట్రా, నిజమా?' అని ఒక్కరైనా అడుగుతారని చూసింది. ఒకడు కళ్లెం సవరించుకున్నాడు. ఇంకొకడు కొండ వైపు తిరిగాడు. మొఖేథి టోపీ కళ్లమీదికి లాక్కుని, "ఇప్పుడెందుకమ్మా ఆ మాట" అన్నాడు మెల్లగా.

ఆమెకప్పుడు అర్థమైంది: ఆ రోజు పందేల్లో వీళ్లంతా ఉన్నారు. ఆ కంబళిని గుర్రం వీపు మీద వీళ్లంతా చూశారు. చూసి, సమాధి దగ్గర నిలబడి, ఆమెను తిట్టారు.

"మొఖేథి మామా, మీకు తెలుసు" అంది లినేయో.

ఆయన గుర్రాన్ని తిప్పాడు. ఒక్కొక్కరే వెనకాలే వెళ్లారు. "వచ్చాక నీ సంగతి చెప్తా" అని చివరగా సెచాబ.

డెక్కల చప్పుడు లోయలోకి దిగిపోయాక లినేయో లోపలికెళ్లి పిల్ల బడి పుస్తకాలు, తన రెండు గౌన్లు సంచిలో సర్దింది. మధ్యాహ్నం వ్యానుకు దిగువ ఊళ్లో తన అన్న ఇంటికి చేరొచ్చు. అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వెళ్లిపోతావా? నలుగురూ మమ్మల్ని ఏమనుకుంటారే?"

"మూడేళ్లు నేను విన్నానత్తా" అంది లినేయో, పిల్ల చెయ్యి పట్టుకుని. "ఇక మీరు వినండి."