ఊ కొట్టిన ఊపిరి

పత్రిక మడతపెట్టడం అలవాటైన చేతులకి కళ్ళతో పనిలేదు. వంటింటి బల్ల మీద అచ్చయి వచ్చిన కాగితాలు మధ్యకి మడిచి, గోటితో గీరి, రెండు పిన్నులు కొట్టి పక్కన పెడుతూ కిటికీలోంచి చూస్తున్నాను. మార్చి ఎండకి ఇంటికప్పు మీది మంచు కరిగి చుక్కచుక్కగా రాలుతోంది. ఒక్కో చుక్కా పడేముందు కాస్త ఆగి, నన్ను చూసి, అప్పుడు పడుతున్నట్టుంది. సినిమాల మీద మేం నడిపే చిన్న పత్రిక, ఏడాదికి మూడు సంచికలు తెస్తాం. మడతలూ పిన్నులూ తపాలా బిళ్ళలూ నావి, లోపలి ఫోటోలు కూడా నావే. సంపాదకుడు మాత్రం మా ఆయన స్టఫాన్.

"ఈల్వా, మళ్ళీ పీల్చావు," అని పైగదిలో మా కొత్త సినిమా శబ్దం వింటూ కేకేశాడు.

ఇరవై ఏళ్ళుగా వింటున్న మాటే. నేను డాక్యుమెంటరీలు తీస్తాను. అతను వాటికి సంగీతం కడతాడు, శబ్దం శుభ్రం చేస్తాడు. ఆ ఊడ్చిపోసే చెత్తలో సగం నేనే.

ఉత్తరాన మా ఊమియో పట్నం వైపు, అక్కణ్ణుంచి ఇంకా ఉత్తరానికి పోయేకొద్దీ, అవును అనడానికి మాట అక్కర్లేదు. పెదవులు గుండ్రంగా చేసి గాలిని చటుక్కున లోపలికి పీలుస్తాం. కాఫీ తాగుతావా అంటే అదే జవాబు. మీ తమ్ముడు పోయాడటగా అంటే కూడా అదే. ఎవరైనా కథ చెప్తుంటే ఊ కొట్టడమూ అలాగే. స్టఫాన్‌ వాళ్ళది దక్షిణాన ఉప్సలా. పెళ్ళికి ముందు మొదటిసారి వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు మా అత్తగారు మార్గిత్ బంగాళాదుంపలు వడ్డిస్తూ ఇంకోటి వెయ్యనా అని అడిగింది. నేను పీల్చాను. ఆవిడ గరిటె గాల్లో ఆపి కొడుకు వైపు తిరిగి, "పాపం, ఈ అమ్మాయికి ఉబ్బసమా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పటికీ క్రిస్మస్‌కి వెళ్తే ఎవరో ఒకరు "కిటికీ తియ్యండి, ఈల్వాకి గాలి ఆడట్లేదు" అంటారు. ఇప్పటికీ నవ్వుతాను. ఎందుకు నవ్వుతానో నాకే తెలియదు.

మా వృత్తిలో అడిగేవాళ్ళ గొంతు వినపడకూడదని ఒక పద్ధతి ఉంది. కళ్ళతో వినాలి, తల ఊపాలి, నోరు మాత్రం మూసుకోవాలి. నాకది చేతకాలేదు. ఎదుటి మనిషి గుండెలో మాట పైకి తెస్తుంటే గాలి దానంతటదే లోపలికి వెళ్ళిపోతుంది. ప్రతి సినిమాకీ స్టఫాన్ వారాల తరబడి కూర్చుని నా ఊపిరిని తుడిచేవాడు, ఆ ఖాళీల్లో తన సంగీతం పోసేవాడు. చలనచిత్రోత్సవాల్లో అందరూ ఆ సంగీతం గురించే అడిగేవాళ్ళు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని మరీ, మీ సినిమాల్లో మౌనం ఎంత బాగుంటుందో అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన అది ఆనందం అనుకున్నాడు.

నాకు తరచూ ఒక కల వస్తుంది. గడ్డకట్టిన నది మీద ఒక్కదాన్నే నడుస్తుంటాను. కాళ్ళ కింద గాజులాంటి మంచులో తెల్లటి గాలిబుడగలు చిక్కుకుపోయి ఉంటాయి, ఒకదాని కింద ఒకటి, లోతుకి. వంగి చెయ్యి ఆనిస్తే తెలుస్తుంది, అవన్నీ నావే. ఎవరెవరి వంటిళ్ళలోనో ఎవరెవరి దుఃఖానికో నేను పలికిన అవునులు. వసంతం వచ్చి మంచు పగిలితే ఇవన్నీ ఒక్కసారిగా పైకి తేలతాయా, అప్పుడు ఎంత చప్పుడవుతుందో అనుకుంటూ నడుస్తుంటాను. భయం వెయ్యదు. మెలకువ వచ్చాకే వేస్తుంది.

"పైకి రా, హుల్దా ఘట్టం అయిపోయింది. నాలుగింటికల్లా ప్రదర్శనకి పంపాలి," అన్నాడు మళ్ళీ. పిన్నులు పక్కన పెట్టి మెట్లెక్కాను.

హుల్దాకి ఎనభై ఎనిమిదేళ్ళు. యాభై ఏళ్ళు భర్త రూనె వాద్యబృందంలో, ఊరూరా డాన్సు హాళ్ళలో, వెనక వరసలో కూర్చుని అకార్డియన్ వాయించింది. పోస్టర్ల మీద ఆయన పేరు, ఆయన బొమ్మ. మా వైపు ఆయన కట్టిన పదకొండు బాణీలకి అడుగు వెయ్యని వాళ్ళుండరు. శరదృతువులో ఆవిడ వంటింట్లో మూడు రోజులు చిత్రీకరించాను. మొదటి రెండు రోజులూ రూనె గొప్పతనమే చెప్పింది. మూడోరోజు, మా వైపు అలవాటుగా కాఫీలో వేసుకున్న జున్నుముక్క మెత్తబడితే చెంచాతో తీస్తూ ఆగిపోయింది.

"ఆ పదకొండు బాణీలూ రూనె కట్టాడంటారు," అంది. చెంచా కప్పు అంచున ఆనించింది. తర్వాత కెమెరా వైపు కాకుండా నా మొహంలోకి చూసి, "వింటున్నావా అమ్మాయ్?" అని అడిగింది.

నేను పీల్చాను.

"నేనే కట్టాను. పాలు పితుకుతూ కట్టాను. నేను పాడితే ఆయన రాసుకునేవాడు. నాకు సంగీతం రాయడం రాదుగా మరి."

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

"ఒకసారి మొదలుపెట్టాను. ఎవరూ ఊ కొట్టలేదు. ఊ కొట్టకపోతే ఎవరికని చెప్తాం?" అని జున్నుముక్క నోట్లో వేసుకుంది.

పైగదిలో స్టఫాన్ ఆ ఘట్టం వేసి చూపించాడు. పదకొండు బాణీలూ రూనె కట్టాడంటారు, అంటుంది హుల్దా. అక్కణ్ణుంచి వింటున్నావా అన్న ప్రశ్న లేదు, నా ఊపిరి లేదు. స్టఫాన్ వాయించిన చెల్లో వాద్యం మంద్రంగా మోగుతుంది. ఆవిడ కళ్ళు ఎవరికోసమో వెతుకుతాయి, పక్కకి వాలతాయి. అప్పుడు, నేనే కట్టాను, అంటుంది. చూడ్డానికి ఎంత అందంగా ఉందో. తీరిగ్గా అబద్ధం అల్లుకుంటున్న ముసలావిడలా ఉంది.

"ఆవిడ మాట నమ్మబుద్ధి కాకుండా చేశావు," అన్నాను.

"అదే కదా అందం. నిజమో కాదో చూసేవాళ్ళు తేల్చుకుంటారు."

"తేల్చుకోవడానికి ఏముంది? ఆవిడ చెప్పింది, నేను విన్నాను."

"నువ్వు మరీ మనసుకి పట్టించుకుంటావు. నీ సినిమాలు ఈమాత్రం నిలబడ్డాయంటే ఎవరో ఒకరు దూరంగా కూర్చుని చూడబట్టే," అన్నాడు. కోపంగా కాదు. మెత్తగా, మార్గిత్ గారి గొంతుతో.

నాకు మాత్రం కోపం వచ్చింది. శనివారం ప్రదర్శనకి హుల్దా వస్తోంది. రూనె వాళ్ళన్న కొడుకులు ఆవిడకి అటూ ఇటూ కూర్చుంటారు. దీపాలు వెలిగాక వాళ్ళు ఏమంటారో నాకు తెలుసు. పెద్దావిడకి మతి చెదిరింది పాపం, అంటారు. ఆవిడ నవ్వుతుంది. ఎందుకు నవ్వుతోందో ఆవిడకీ తెలియదు.

"సరే, పంపించేస్తున్నాను. సరేనా?" అని స్టఫాన్ అప్పుడే తెర వైపు తిరిగిపోయాడు. నా జవాబుకి అతనెప్పుడూ తలెత్తి చూడక్కర్లేదు. చెవిన పడితే చాలు. అలవాటు ప్రకారం గాలి లోపలికి బయల్దేరింది. పెదవులు గుండ్రమయ్యాయి కూడా. నోరు మూసుకున్నాను. కిటికీ అవతల చుక్క ఒకటి సాగి, ఆగి, రాలింది. నాలో నిలిచిన గాలి బరువుగా, వెచ్చగా ఉంది. దాన్ని నెమ్మదిగా బయటికి వదిలాను.

"వద్దు. లే, నేను కూర్చోవాలి," అన్నాను.

అతను నిజంగానే లేచాడు, ఆశ్చర్యంతో కావచ్చు. తుడవకముందు అసలు శబ్దం అంతా ఎక్కడ భద్రపరుస్తాడో నాకు తెలుసు. చెల్లోని తీసేశాను. వింటున్నావా అమ్మాయ్‌ని, దాని వెనకే వచ్చిన నా ఊపిరిని, వాటి చోట్లో పెట్టాను. వేసి చూశాను. హుల్దా కళ్ళు ఇప్పుడు వెతకడం లేదు. నా దగ్గరే నిలిచి ఉన్నాయి.

వెనకనుంచి స్టఫాన్, "అంత పెద్ద హాల్లో ఆ చప్పుడు వినిపిస్తే జనం ఏమనుకుంటారు ఈల్వా?" అన్నాడు.

"ఆవిడ చెప్తుంటే ఎవరో విన్నారనుకుంటారు," అన్నాను.