తొక్కు అన్న మాట

కంటి డాక్టరు సూటిగా చెప్పింది. నాన్న కుడికన్ను వెనక పొర ఊడుతోంది. ఆ ఊడటం కంటి మధ్యకు చేరితే ఆపరేషన్ చేసినా చూపు పూర్తిగా రాదు. ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. దారిలో తల కుదపకూడదు. రెండు కళ్ళూ మూసుకునే ఉండాలి, ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది కాబట్టి.

టాక్సీవాడు సాయంత్రం దాకా కుదరదన్నాడు. వాకిట్లో నాన్న పాత కారుంది. నడపడానికి కూతురుంది. ఆమెకు లైసెన్సు వచ్చి నెల తిరగలేదు.

నాన్న బస్సు డ్రైవరు. ఆయన బస్సులో పాలగిన్నె పట్టుకుని నిలబడ్డా తొణకదని డిపోలో ఆయనకు పాలగిన్నె అనే పేరు పడింది. కన్ను పోతే స్టీరింగూ పోతుంది. కూతురికి ఆయన పెట్టిన పేరు కప్ప.

"గెంతకే కప్పా," అన్నాడు, పక్క సీటును వెనక్కి వాల్చుకుని.

"నువ్వు కళ్ళు మూసుకో నాన్నా."

"మూసుకునే ఉన్నా. చెవులు కూడా మూసుకోమందా డాక్టరమ్మ?"

ఊరు దాటేదాకా ఆయన చెవులతోనే కారు నడిపించాడు. ఇంజన్ గింజుకుంటే "గేర్ తగ్గించు" అన్నాడు, అరిస్తే "కాలు తియ్" అన్నాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు చేసింది. చూపు బానెట్ మీద, ధ్యాస ఆయన నోటి మీద. అలాగే వంతెన ఎక్కారు.

ముందు ఇటుకల లారీ పోతోంది. ఎత్తు మీద అది నెమ్మదించింది. ఆమె కాలు తీసింది. ఇంజన్ గొంతు పడిపోయింది. లారీ వెనక ఎర్రలైట్లు వెలిగాయి.

"తొక్కు," అన్నాడు నాన్న.

ఆమె తొక్కింది. బ్రేకు, అడుగంటేదాకా. ఆయన తల ముందుకు పోయి, వచ్చి సీటుకు కొట్టుకుంది. ఇంజన్ ఆగిపోయింది. వెనక ఒక బస్సు కీచుమంటూ ఆగింది. దాని ముందు భాగం వెనక చూసే అద్దం నిండా కనిపిస్తోంది.

"ఎక్స్‌లేటర్ తొక్కమన్నానే. ఇంజన్ చచ్చిపోతుంటే బ్రేకు తొక్కుతారా ఎవరైనా?"

"ముందు లారీ ఆగింది నాన్నా."

లారీ సంగతి ఆయనకు తెలియదు.

"కన్ను?" అంది ఆమె.

ఆయన ఒక్కసారి తెరిచి మూశాడు. "కింది నుంచి నల్లగా లేస్తోంది. పొద్దున ఇంత లేదు."

బస్సు హారన్ ఆపడం లేదు. ఆమె హ్యాండ్‌బ్రేక్ లాగి, చీరకు చేతులు తుడుచుకుని, ఇంజన్ మళ్ళీ స్టార్ట్ చేసింది.

"ఇక నువ్వు చెప్పకు నాన్నా. నేను చెప్తా, నువ్వు విను. మెడ బిగపట్టుకో. ఇప్పుడు క్లచ్ వదులుతున్నా. కొంచెం ఎక్స్‌లేటర్ తొక్కుతున్నా. హ్యాండ్‌బ్రేక్ దించుతున్నా. కదులుతున్నాం."

కారు కదిలింది. ఆయన తల సీటుకు ఆనుకునే ఉంది.

అక్కణ్ణుంచి ఆమె నోరు మూతపడలేదు. ముందే చెప్పాలంటే ముందే చూడాలి. చూపు బానెట్ వదిలి లారీకి, లారీని దాటి దాని ముందున్న ట్రాక్టరుకు పోయింది. "ట్రాక్టరు మెల్లబడింది, కాలు తీస్తున్నా. ఎడమకు ఒంపు ఉంది. స్పీడ్ బ్రేకర్ వస్తోంది, రెండో గేరు. ఎక్కుతున్నాం. దిగాం." లారీకీ తనకూ మధ్య ఖాళీ వదిలింది. ఆ ఖాళీలోకి ఎవడో దూరితే, కాలు తీసి మళ్ళీ అంత ఖాళీ వదిలింది.

"మూడో గేరు..." అన్నాడు నాన్న.

"నాన్నా."

"సరేలే."

ఆసుపత్రి వీధి మొదట్లో ఒక మోటారుసైకిలు సందులోంచి అడ్డంగా వచ్చింది. "బండి వస్తోంది, ఆపుతున్నా, పట్టుకో," అంది, అంటూనే బ్రేకు మీద బరువు పెంచుకుంటూ పోయింది. ఆయన రెండు చేతులతో సీటు అంచు పట్టుకున్నాడు. మోటారుసైకిలువాడు తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. ఆయన తల కదల్లేదు.

లోపల పెద్దాసుపత్రి డాక్టరు కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

"మధ్య భాగం ఇంకా ఊడలేదు. దగ్గరికొచ్చింది," అన్నాడు. "ఇప్పుడే థియేటర్‌లోకి తీసుకెళ్తున్నాం."

"మళ్ళీ బస్సు నడపొచ్చా డాక్టరుగారూ?" అన్నాడు నాన్న.

"ముందు కన్ను నిలబెట్టుకుందాం."

చక్రాల కుర్చీ తలుపు దాటేదాకా ఆమె చూసింది. బయట వాచ్‌మన్ కారు అద్దం మీద కొడుతున్నాడు.

"అంబులెన్సు దారమ్మా ఇది. బండి తీయండి."

ఆమె ఎక్కి కూర్చుంది. క్లచ్ మీద పెట్టిన కాలు వణుకుతోంది. రెండు చేతులతో మోకాలు నొక్కిపట్టింది, ఆగలేదు.

"కాలు నా మాట వినడం లేదు అన్నా," అంది. "మీకు డ్రైవింగ్ వచ్చా?"